కింబర్లీ వ్యాసం రాస్తున్న మేనకోడలికి

అమ్మాయీ,

దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసిన జులూల మీద వ్యాసం రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన మొదటి పేజీ చదివాను. కింబర్లీ గొయ్యి కొలతలతో మొదలుపెట్టావు: పలుగూ పారలతో 240 మీటర్ల లోతు తవ్వారు, 1914లో మూసేశారు, అని. ఇది అందరూ రాసేదే, పక్కన పెట్టు. గొయ్యి దగ్గర కాదు, అక్కడికి నడిచి వచ్చిన మనిషి ఇంటి దగ్గర మొదలుపెట్టు.

అతను ఎందుకు బయల్దేరాడో ముందు చెప్పాలి. జులూ రాజ్యం పక్కనే ఉన్న ఇంగ్లీషువాళ్ల నాటాల్ కాలనీలో గుడిసెకింత అని పన్ను కట్టాలి. 1875లో దాన్ని 7 షిల్లింగుల నుంచి 14కి పెంచారు. పెళ్లి చేసుకోవాలంటే పిల్ల తండ్రికి పశువులివ్వాలి. తుపాకీ మీద మోజు సరేసరి. కింబర్లీలో కూలి ఎక్కువ, తుపాకులు బజారులోనే దొరికేవి. కొన్ని నెలలు పనిచేసి, కావలసింది కొనుక్కుని ఇంటికి పోవడం చాలామంది లెక్క. నువ్వు రాసిన ‘దిక్కులేని కూలీలు’ అనే మాట 1870ల మనుషులకు సరిపోదు, కొట్టేయ్.

ఇంకోటి. అక్కడికి వచ్చినవాళ్లందర్నీ జులూలు చేసేయకు. ఆ దశాబ్దంలో ఎక్కువమంది ట్రాన్స్‌వాల్ వైపు పేడీలు, మొజాంబిక్ వైపు సోంగాలు. జులూ రాజ్యంలో కుర్రాళ్లు వయసు వారీగా రాజుగారి దళాల్లో పనిచేయాలి, ఇష్టమొచ్చినట్టు కూలికి పోవడం కుదరదు. నాటాల్ వైపు ఆ కట్టుబాటు లేదు. 1879 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు రాజు సెట్వాయోను పట్టుకుని రాజ్యాన్ని ముక్కలు చేశాక పరిస్థితి మారింది. ఈ తేడా చెప్పకుండా వ్యాసం నిలబడదు.

నీ వ్యాసానికి గుండెకాయ మాత్రం లంగలిబలేలే కథ. దానికి ఎంత చోటైనా ఇవ్వు. ఆయన హ్లూబీ అనే తెగ నాయకుడు. 1840ల చివర్లో జులూ రాజు మ్పాండే దెబ్బకు తన జనంతో నాటాల్‌కి వచ్చి, డ్రేకెన్స్‌బర్గ్ కొండల కింద స్థిరపడ్డాడు. కాబట్టి ‘జులూ నాయకుడు’ అని రాయకు. ఆయన మనుషులు వజ్రాల గనుల్లో పనిచేసి తుపాకులతో తిరిగొచ్చారు. వాటిని రిజిస్టర్ చేయించమని 1873లో ప్రభుత్వం పట్టుబట్టింది. రిజిస్ట్రేషన్‌కి ఇస్తే తుపాకీ తిరిగొస్తుందన్న నమ్మకం వాళ్లకు లేదు. నాటాల్ రాజధాని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి రమ్మంటే నాయకుడు వెళ్లలేదు, జనాన్నీ పశువుల్నీ తోలుకుని కొండ దాటాడు. నవంబరు 4న బుష్‌మన్స్ రివర్ కనుమలో కాల్పులు జరిగి ప్రభుత్వం వైపు ఐదుగురు చచ్చారు. ఆ ఐదుగురికి బదులుగా హ్లూబీల భూములు, పశువులు అన్నీ పోయాయి. నాటాల్ లెఫ్టినెంట్ గవర్నర్ పైన్ తనే న్యాయమూర్తిగా కూర్చుని విచారణ జరిపి, లంగలిబలేలేని కేప్‌టౌన్ దగ్గరున్న జైలు దీవి రాబెన్‌కి పంపాడు. నాటాల్‌లోని ఇంగ్లీషు చర్చి బిషప్ కోలెన్సో గోల చేసి లండన్ దాకా తీసుకెళ్లబట్టి 1875లో పైన్ పదవి ఊడింది. కానీ ముసలి లంగలిబలేలే నాటాల్‌కి తిరిగొచ్చింది 1887లో. చెమటోడ్చి కొనుక్కున్న తుపాకీ ఒక తెగనే కూల్చేసిందంటే, ‘వజ్రాలు తెచ్చిన అభివృద్ధి’ అని నువ్వు పెట్టిన ఉపశీర్షిక ఎలా ఉంటుందో నువ్వే చూసుకో.

1885 నుంచి వచ్చిన కాంపౌండ్ల గురించి ఒక పేరా చాలు. ఒప్పందం ముగిసేదాకా బయటికి పోనివ్వని ఆవరణ, వజ్రాలు విసరకుండా పైన వల, బట్టలు విప్పించి సోదా. తెల్ల పనివాళ్లు సమ్మె చేసి ఆ సోదా తప్పించుకున్నారు, నల్లవాళ్లకు అది తప్పలేదు. ఈ మాట రాస్తే చాలు, సోదా వివరాల్ని పులిమి పులిమి రాయకు. చదివేవాళ్లకు తమాషాగా ఉంటుందేమో గానీ ఆ మనుషులకు మళ్లీ అదే అవమానం.

ఫొటోల కోసం డగ్గన్-క్రోనిన్ తీసినవి వాడతానన్నావు. బాగున్నాయి. అయితే ఆయన డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ కాంపౌండ్‌లో కాపలా ఉద్యోగి అని కింద రాయి. ఎవరు ఎవరి ముందు నిలబడి ఫొటో దిగారో పాఠకుడికి తెలియాలి. జులూల సొంత మాటలు కావాలంటే జేమ్స్ స్టువర్ట్ రాసిపెట్టిన ఇంటర్వ్యూలు వెతుకు. ఆయనా నాటాల్ ప్రభుత్వోద్యోగే, అయినా ఎదుటివాళ్లు చెప్పింది ఓపిగ్గా రాసుకున్నాడు.

గోల్కొండనీ కొల్లూరునీ ఇందులోకి లాగాలని నీకు ఉబలాటంగా ఉందని తెలుసు. వద్దు. మనవాళ్ల లంకె వేరే ఉంది: పనివాళ్లంతా వజ్రాల వైపు పోతున్నారని నాటాల్ చెరకు తోటల దొరలు మొత్తుకుంటున్న రోజుల్లోనే, 1866లో ఆగిన భారతీయ కూలీల ఓడలు 1874లో మళ్లీ మొదలయ్యాయి. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే. రెండు వాక్యాల్లో రాసి ముందుకు పో.

రెండో ప్రతితో పాటు ఒక మ్యాప్ గీసి పంపు. అందులో హ్లూబీల ఊళ్లు, కొండ, కింబర్లీ, మూడూ కనబడాలి.

మీ మామయ్య