సబ్సిడీ వచ్చేదాకా మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 34. రోజూ సరిహద్దు దాటి పాతపట్నంలో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. నెలకు 16,500 ఇస్తారు. మా ఆవిడ ఇంట్లో మిషన్ కుడుతుంది, 4,000 దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలు, అమ్మ మాతోనే. ఖర్చు 18,000 అవుతోంది. బ్యాంకులో 9,000 ఉన్నాయి. పిల్లల స్కూలు ఫీజుకు ఫోన్ యాప్‌లో తీసుకున్న అప్పు ఇంకా నాలుగు కిస్తీలుంది, కిస్తీకి 1,550. పర్యావరణానికి హాని చేయకుండా బతకాలని మా ఇద్దరి కోరిక. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలనుకుంటున్నాం, కొటేషన్ 1,85,000. తెలిసిన వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర ఇస్తానన్నాడు. మా బావమరిది హామీ ఉంటాడు. మిగతాది మా ఆవిడ గొలుసు కుదువపెట్టి సర్దుతాను. సబ్సిడీ 1,38,000 రాగానే అప్పు తీర్చేస్తాను. తర్వాత ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా కొనాలి: 25,000 ముందు కట్టి, నెలకు 3,250 చొప్పున 36 నెలలు. ఇప్పటికే ఆర్గానిక్ కూరగాయలు, సరుకుల పార్శిల్ నెలకు 1,100 పెట్టి తెప్పిస్తున్నాం. మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. మీ ఉత్తరాన్నే తీసుకోవడానికి కారణం ఉంది. రావలసిన సబ్సిడీని వచ్చేసిన డబ్బుగా లెక్కేసుకుని, ఆ ధీమాతో వడ్డీ వ్యాపారి గడప తొక్కేవాళ్ళు మన సరిహద్దు ఊళ్ళలో ఎక్కువయ్యారు. ఇల్లు కట్టుకునేవాళ్ళు, పంపుసెట్టు వేయించుకునేవాళ్ళు, ఇప్పుడు సోలార్ వాళ్ళు. వస్తువు మారుతోంది, తప్పు మాత్రం అదే.

మీ లెక్కే మీకు తిరిగి చెబుతాను. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. మీరు పంపిన బిల్లుల్లో సగటు 480, వాడకం 110 యూనిట్లు. 480 మిగుల్చుకోవడానికి 4,500 కడతారా? మీ దుకాణం యజమాని ఇలాంటి బేరం చేస్తుంటే ముందు మీరే ఆపేవారు.

‘రెండు నెలలేగా’ అని మీరు సర్దిచెప్పుకోవచ్చు. కానీ సబ్సిడీ ముందు రాదు. ప్యానెళ్ళు బిగించాలి, విద్యుత్ వాళ్ళు వచ్చి చూడాలి, నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటునూ లైనుకు పంపిన కరెంటునూ లెక్కేసే మీటరు) పెట్టాలి, ఆ కాగితాలన్నీ ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కాలి. ఆ తర్వాతే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ మధ్యలో ఎక్కడ ఒక సంతకం ఆగినా వడ్డీ ఆగదు. నాలుగు నెలలు పట్టిందనుకోండి, వడ్డీకే 18,000. మీ బ్యాంకులో ఉన్నదానికి సరిగ్గా రెట్టింపు.

ఇంకో సంగతి మీరు ఉత్తరం చివర్లో ఏదో మామూలు విషయంలా రాసి వదిలేశారు: ఇంటి మీటరు ఇంకా చనిపోయిన మీ నాన్నగారి పేరునే ఉందని. అసలు చిక్కు అక్కడే ఉంది. దరఖాస్తు చేసేది మీరు, కనెక్షన్ మరొకరి పేరున, సబ్సిడీ పడాల్సింది మీ ఖాతాలో. పేరు మార్చుకోకుండా ఆ వ్యాపారి దగ్గర డబ్బు తెచ్చుంటే ఏమయ్యేదో ఒకసారి ఊహించుకోండి. ఆ ఇంట్లో మీ అన్నగారికీ వాటా ఉందన్నారు. ఆయన దగ్గర ఒక ఒప్పుకోలు కాగితం కూడా రాయించి పెట్టుకోండి.

ఇక 3 కిలోవాట్లు మీకెందుకు? ఒక కిలోవాటు మన ఎండలకు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. మీ వాడకం 110. మూడు కిలోవాట్లయితే సబ్సిడీ పెద్దదిగా కనబడుతుంది (కేంద్రం 78,000, ఒడిశా ప్రభుత్వం 60,000), అమ్మేవాడికి బేరమూ పెద్దదవుతుంది. ఒక కిలోవాటుకు కేంద్రం 30,000, ఒడిశా 25,000 ఇస్తున్నాయి. కొటేషన్ 75,000 వచ్చిందనుకున్నా చివరికి మీ చేతి నుంచి పడేది 20,000. పైగా మీలాంటి తక్కువ వాడకానికి మన ఒడిశాలో కరెంటు మరీ ఖరీదేం కాదు. మొదటి 50 యూనిట్లకు మూడు రూపాయల చుట్టుపక్కల, ఆ పైన 200 దాకా అయిదు లోపే. ఎనిమిదీ పదీ కట్టే పట్నం వాళ్ళ వీడియోలు చూసి మన లాభం లెక్కేసుకోకూడదు.

‘తుఫాను వచ్చినా మాకు కరెంటు ఉంటుంది’ అని కూడా రాశారు. ఉండదు. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా తయారుచేస్తారు. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు, కొనేవాళ్ళు అడగరు.

తుఫాను మాట మీరే ఎత్తారు గనక, నేను ఏ ఉత్తరానికైనా చెప్పే పాత పాటకు వస్తాను: ముందు మూడు నెలల ఖర్చు ఆపద నిధిగా చేతిలో ఉండాలి. చదివేవాళ్ళకు విసుగు పుట్టినా నాకు పుట్టదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు నేను బరంపురంలోనే ఉన్నాను. బ్యాంకులో డబ్బుంది, జేబులో 200. కరెంటు లేదు, ఏటీఎం లేదు, ఫోన్ లేదు. నలుగురికి పొదుపు పాఠాలు చెప్పే మనిషిని, వీధి చివర కిరాణా కొట్టాయన ముందు నిలబడి బియ్యం అరువు అడిగాను. ఆయన ఇచ్చాడు, అది ఆయన మంచితనం. మరుసటి ఏడాది అదే తేదీన విశాఖలో హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి మీ గజపతి జిల్లా మీదుగానే పోయింది. అప్పుడు మీకు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి, నాకంటే మీకే బాగా గుర్తుండాలి. ఊరి చుట్టూ చెట్లు కూలి, రేకులు లేచిపోయిన ఆ వారంలో చేతిలో నగదు ఉన్నవాడు ఎలా ఉన్నాడు, లేనివాడు ఎవరి దగ్గరకు వెళ్ళాడు? అయిదు రూపాయల వడ్డీ అప్పులు పుట్టేది అలాంటి వారాల్లోనే.

అలాంటి చోట ఉంటూ, అయిదుగురిని పోషిస్తూ, 9,000 చేతిలో పెట్టుకుని రెండు లక్షల సోలార్, లక్షకు పైగా స్కూటర్ అంటున్నారు. తుఫాను దాకా కూడా ఎందుకు? ఏటా అదే నెలలో కట్టే స్కూలు ఫీజుకు యాప్ అప్పు చేశారు. ఫీజు అనుకోకుండా వచ్చిపడేది కాదు, పండగలాగా క్యాలెండర్‌లో తేదీ చూసుకుని వచ్చేది. తెలిసిన ఖర్చుకే చేతిలో డబ్బు లేకపోతే తెలియని ఖర్చుకు ఏం చేస్తారు?

కాబట్టి మొదటి పని ఆ యాప్ అప్పు మూసేయడం. నాలుగు కిస్తీలు 6,200. ముందే కడితే ఎంత తగ్గుతుందో అడిగి, ఉన్న 9,000లోంచి తీసి కట్టేయండి. నిధి నిధి అంటూనే ఉన్నదాన్ని ఖాళీ చేయమంటాడేమిటి అనుకోకండి. ఆ యాప్ ఫోన్లో ఉన్నంత కాలం ‘ఇంకో 20,000 సిద్ధంగా ఉంది’ అని పిలుస్తూనే ఉంటుంది. అప్పు తీరిన రోజే యాప్ కూడా తీసేయండి.

రెండోది, ఆ ఆర్గానిక్ పార్శిల్. ఈ మాట రాస్తుంటే నవ్వొచ్చింది. మహేంద్రగిరి కొండల పక్కన కాపురముంటూ, ఎక్కడో నగరంలో అట్టపెట్టెలో సర్ది లారీలో పంపిన ఆనపకాయ తెప్పించుకుంటున్నారా? వారపు సంతకు వెళ్ళండి. కొండ మీద నుంచి సవరలు దింపే కంద, పసుపు, చోళ్ళు, పనసకాయలు ఏ స్టిక్కరూ లేకుండా దొరుకుతాయి. 300 రూపాయలకు సంచి నిండుతుంది. మీకు 800 మిగులుతుంది, ఆ డబ్బూ పక్క ఊరి రైతు చేతికే పోతుంది.

ఇప్పుడు మళ్ళీ లెక్క. ఇప్పటికే నెలకు 2,500 మిగులుతోంది. కిస్తీ 1,550, పార్శిల్ 800 కలిపితే 4,850. అందులో 4,000 జీతం పడిన రోజే పక్కకు తీసేయండి, నెలాఖరున మిగిలితే వేద్దాంలే అనుకోకండి. మీ ఖర్చు 15,650కి దిగుతుంది, మూడు నెలలకు దాదాపు 47,000, మీ నిధికి మొదటి గురి అదే. మీ ఆవిడకు సుభద్ర డబ్బు (ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకు ఇచ్చేది) వస్తోందని రాశారు, రాఖీ పున్నమికి ఒక 5,000, మహిళా దినోత్సవానికి ఒక 5,000. దాన్ని చీరలకూ పిండివంటలకూ కాకుండా ఇందులోకే మళ్ళించమని ఆమెను అడగండి. అడగండి అంటున్నాను, ఆ డబ్బు ఆమెది. చేతిలో మిగిలిన 2,800, పది నెలల 40,000, ఒక విడత సుభద్ర 5,000 కలిస్తే 47,800. పది నెలల పని. ఆ తర్వాత ఆగకుండా ఆరు నెలల ఖర్చు దాకా తీసుకెళ్ళండి.

ఈ డబ్బు పోస్టాఫీసు ఆర్డీలో (నెలనెలా కట్టే డిపాజిట్‌లో) మాత్రం పెట్టవద్దు. మూడేళ్ళ లోపు మూసేయనివ్వరు, అవసరానికి చేతికి రాదు. బ్యాంకు ఆర్డీ చాలు, అరశాతం వడ్డీ తగ్గినా పరవాలేదు. నాలుగు వేలు మాత్రం ఇంట్లో నగదుగా, వందల నోట్లలో, తడవని డబ్బాలో. అక్టోబరు దాటేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

ఆసుపత్రి సంగతి. పాత బిజు ఆరోగ్య కార్డు బీరువాలో ఉందని నిశ్చింతగా ఉన్నట్టున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవారికి పైన ఇంకో 5 లక్షలు. అమ్మగారితో సహా అందరికీ కొత్త కార్డు చేయించండి. మన సరిహద్దు వాళ్ళకు ఇది చాలా ముఖ్యం. జబ్బు పెద్దదైతే మనం భువనేశ్వర్ కంటే ముందు శ్రీకాకుళం, విశాఖలే తలుచుకుంటాం. ఆంధ్రా వాళ్ళ వైద్య సేవ పథకం ఆ రాష్ట్రం వాళ్ళకే పనికొస్తుంది. మీరు పాతపట్నంలో పనిచేసినంత మాత్రాన మీకు రాదు. ఆయుష్మాన్ కార్డు మాత్రం జాబితాలో ఉన్న పై రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. విశాఖలో ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసి, కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా (ప్రమాద బీమా) మీ ఇద్దరికీ ఉన్నాయో లేవో పాస్‌బుక్‌లో చూడండి. ఇద్దరికీ కలిపి ఏడాదికి 912. మే నెలాఖరున ఖాతాలో ఆ డబ్బు ఉంచాలి, లేకపోతే పాలసీ ఆగిపోతుంది. నిధి పూర్తయ్యాక ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్ళకు డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి.

స్కూటర్ గురించి రెండు ముక్కలు. మీ పెట్రోలు ఖర్చు నెలకు 900 అని మీరే రాశారు, కిస్తీ 3,250. మీ బండి ఇంకా నడుస్తోంది కదా. నడుస్తున్న బండిని అమ్మేసి కొత్తది తయారుచేయించడం వల్ల భూమికి కూడా మీరనుకున్నంత మేలేమీ జరగదు. గాలి సరిగ్గా కొట్టించి, సర్వీసింగ్ చేయించి అది ఆగేదాకా తోలండి. పాతపట్నం పక్కూరే, చలికాలంలో సైకిల్ మీద కూడా వెళ్ళొచ్చు. విశాఖ వెళ్ళాలంటే గుణుపురం రైలుంది.

తక్కువ ఖర్చులో మీ కోరిక తీరే పని ఒకటి చెబుతాను. రోజంతా తిరిగే ఫ్యాను ఒకటి ఉంటుంది ఏ ఇంట్లోనైనా, బహుశా మీ ఆవిడ మిషన్ పైనదే. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 చుట్టుపక్కల. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు, దాదాపు 95 రూపాయలు మిగులుతాయి. మూడు వేల ఫ్యాను మూడేళ్ళలోపే ఖర్చు తిరిగి ఇచ్చేస్తుంది. దీన్ని కూడా కిస్తీల్లో కొనకండి, నిధి నిండిన తర్వాతి నెలలో నగదు పెట్టి కొనండి.

సోలార్ ఆ తర్వాత. అప్పటికీ అప్పు కావాలంటే ఈ సోలార్ సబ్సిడీ పథకానికే ప్రభుత్వ రంగ బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి ఇస్తున్నాయి. గొలుసు ఇంట్లోనే ఉండనివ్వండి, బావమరిదిని హామీల్లోకి లాగకండి. వ్యాపారికి ఇప్పుడే వద్దని చెప్పేయండి. మొహమాటమైతే ‘మీటరు పేరు మారలేదండీ, పని ఆగింది’ అనండి, అబద్ధమేమీ కాదు.

మీ ఆవిడ విడిగా అడిగిన ప్రశ్న: ప్లాస్టిక్ మానేయడానికి 4,500 పెట్టి గాజు డబ్బాల సెట్టు కొనమంటారా అని. వద్దమ్మా. పప్పులకు ఉన్న డబ్బాలు పగిలేదాకా వాడండి. మిషన్ దగ్గర మిగిలే గుడ్డ ముక్కలతో సంతకు నాలుగు సంచులు కుట్టండి. పిల్లల పుట్టినరోజుకు థర్మోకోల్ పళ్ళేల బదులు అడ్డాకుల విస్తర్లు తెప్పించండి, మీ ఊళ్ళో అవి ఎక్కడ దొరుకుతాయో నేను చెప్పక్కర్లేదు. ఆయన ఈ సోమవారం సెలవు పెట్టుకుని, నాన్నగారి మరణ ధృవపత్రం, ఇంటి పన్ను రసీదు పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళ్ళేలా మాత్రం మీరే చూడాలి.