నలభై నాణేలూ పంపకండి, ఆ 1939 రూపాయి ఒక్కటి చాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాతగారి ఇత్తడి డబ్బాలో నలభై వెండి రూపాయలు దొరికాయని, కొన్నింటి మీద చార్మినార్, మిగిలినవాటి మీద జార్జి రాజుల బొమ్మలు ఉన్నాయని, ఒకదాని మీద 1939 అని కనిపిస్తోందని రాశారు. అన్నింటినీ గ్రేడింగ్‌కు పంపితే ధర మూడింతలవుతుందని మీ స్నేహితుడు చెప్పారు, నమ్మవచ్చా అని అడిగారు. నేను హైదరాబాదులో పాతికేళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను. మన దేశంలోనే ఉన్న ఒక గ్రేడింగ్ సంస్థకు నాలుగు విడతలుగా నాణేలు పంపాను. దాని పేరు ఇక్కడ రాయను. అక్కడ పడ్డ బాధ, పోసిన డబ్బు గుర్తుకొచ్చి ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ముందుగా, ఈ గ్రేడింగ్ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. నాణెం అసలుదో నకిలీదో చూస్తారు, ఎంత అరిగిందో అంచనా కట్టి 1 నుంచి 70 వరకు ఒక అంకె వేస్తారు, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పైన చీటీ అంటిస్తారు. ఆ పెట్టెనే అందరూ స్లాబ్ అంటారు. 60, ఆ పైన అంకె వచ్చిందంటే చెలామణిలో అరగని నాణెం అని లెక్క. 58 అంటే దాదాపు కొత్తదే, ఎత్తుగా ఉన్న చోట కొద్దిపాటి రాపిడి ఉందని అర్థం. నాణేనికి వేరే లోపం ఏదైనా కనిపిస్తే అంకె వేయరు. ‘డీటెయిల్స్’ అని రాసి, పక్కన కడిగారనో గీతలు పడ్డాయనో కారణం ఒక్క ముక్కలో చెబుతారు. ఆ ఒక్క ముక్కతో కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

మొదటి విడతలో పదకొండు పంపాను. నలభై అయిదు రోజులన్నారు, అయిదు నెలలు పట్టింది. వాటిలో 1918 నాటి బొంబాయి టంకశాల రూపాయి ఒకటి నాకు ప్రాణం. వరంగల్‌లో ఒక కంసాలి కుటుంబం దగ్గర కొన్నది. బొరుసు వైపు అడుగున, పద్మం కింద, ఆవగింజలో సగం ఉండే చుక్క బొంబాయి గుర్తు. కలకత్తా రూపాయికి అది ఉండదు. దాన్ని దీపం కింద పెట్టి మెల్లగా వంచి తిప్పితే మెరుపు సైకిలు చక్రం పుల్లల్లా నాణెం చుట్టూ తిరుగుతుంది. రాజు చెంప మీద, కనుబొమ మీద కూడా ఆ మెరుపు తెగదు. అరిగిన నాణెమైతే సరిగ్గా ఆ ఎత్తుల దగ్గరే మెరుపు తెగి బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా వేల రూపాయలు చూసిన కంటితో చెబుతున్నాను, అది అరగని నాణెం. చీటీ మీద 58 అని వచ్చింది.

ఎందుకు 58 ఇచ్చారో, అరుగుదల ఎక్కడ కనిపించిందో చెప్పమని మర్యాదగానే ఉత్తరం రాశాను. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూశారని, కారణాలు వివరించడం తమ పద్ధతి కాదని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. అంకె తక్కువ వచ్చినందుకు ఒక రోజు బాధపడి ఊరుకునేవాణ్ణి. ఒక్కో నాణేనికి దాదాపు రెండు వేలు తీసుకుని ఆ మాత్రం సమాధానం ఇచ్చినందుకు ఈ రోజుకీ కోపం తగ్గలేదు. పదో తరగతి పిల్లవాడి జవాబు పత్రం మీదైనా ఎక్కడ తప్పిందో ఎర్ర సిరాతో గీత పెడతారు కదా.

చివరికి స్లాబ్‌ను తువ్వాలులో చుట్టి, అంచు పట్టకారుతో నొక్కి పగలగొట్టి, నాణేన్ని బయటికి తీశాను. బీరువాలో కాగితం పొట్లంలో పెట్టి, ఏడు నెలల తర్వాత అదే సంస్థకు, పాత సంగతి ఏమీ చెప్పకుండా మళ్లీ పంపాను. ఈసారి 62 వచ్చింది. నాణెం మారలేదు, చూసేవాళ్లు మారారో, వాళ్ల ముందున్న నాణేల కుప్ప మారిందో నాకు తెలియదు. నాకు అప్పట్లో వచ్చిన బేరాల్లో ఆ రెండు అంకెల మధ్య ధర తేడా దాదాపు రెట్టింపు. 58 చూసి ఎవరికైనా అమ్మేసి ఉంటే, సగం సొమ్ము నా చేతులారా పోగొట్టుకునేవాణ్ణి. ఇంత తేడా మనిషి కంటి మీద ఆధారపడినప్పుడు, దాన్ని కొలతలాగా అంకెల్లో అచ్చు వేయడమే నాకు మింగుడుపడదు.

ఆ అంకెల పుట్టుక తెలిస్తే మీకు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో, 1793 నుంచి 1814 వరకు అక్కడ వేసిన పెద్ద రాగి సెంట్ల కోసం ఈ 70 మెట్ల పద్ధతి తయారు చేశాడు. అసలు ఉద్దేశం ధర కట్టడం. ఒకటో మెట్టు నాణెం విలువ ఒక డాలరైతే డెబ్బయ్యో మెట్టుది డెబ్బై డాలర్లు అన్న లెక్క. ధరల లెక్క ఎప్పుడో తప్పిపోయింది, మెట్లు మాత్రం మిగిలాయి. 1980ల రెండో సగంలో అమెరికాలో మొదలైన గ్రేడింగ్ సంస్థలు వాటినే పట్టుకున్నాయి. రాగి సెంట్ల కోసం కట్టిన మెట్ల మీద ఇప్పుడు మన నాణేలన్నీ ఎక్కాలి.

యంత్రంతో వేసిన రూపాయికి అది కొంతవరకు పొసగుతుంది. చేత్తో కొట్టిన నాణేనికి పొసగదు. రెండో విడతలో ఆసఫ్‌జాహీల కాలంనాటి చేతి ముద్ర రూపాయి ఒకటి పంపాను. దాని అంచు దగ్గర చిన్న పువ్వు ఆకారంలో సరాఫు, అంటే నాణేలు మార్చే వర్తకుడు, కొట్టిన గుర్తు ఉంది. ఆ రోజుల్లో సరాఫు చేతిలోకి రూపాయి వస్తే వెండి మంచిదో కాదో చూసి, నమ్మకం కుదిరాక తన గుర్తు కొట్టేవాడు. నాకు ఆ పువ్వు నాణేనికి వచ్చిన సాక్షి సంతకంలా కనిపిస్తుంది. చీటీ మీద ‘డ్యామేజ్డ్’ అని రాసి పంపారు. కత్తితో గీకిన నాణేనికీ, సరాఫు పరీక్షించి నమ్మిన నాణేనికీ ఒకే మాట వాడారంటే ఆ బల్ల ముందు కూర్చున్నవారికి మన బజార్ల చరిత్ర తెలియదనే అనుకోవాలి.

మీ డబ్బాలో చార్మినార్ రూపాయలు ఉన్నాయి కాబట్టి ఇది కూడా చెప్పాలి. నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో వేసిన వాటిలో చార్మినార్ నడిమి ద్వారంలో ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక అక్కడికి ‘ఐన్’ వచ్చింది. మొదట్లో ఆ ఐన్ తల మాత్రమే వేశారు, తర్వాత కింద తోకతో సహా పూర్తి అక్షరం వేశారు. హిజ్రీ 1330 (మన లెక్కలో దాదాపు 1912) రూపాయల్లో రెండు రకాలూ దొరుకుతాయి. నేను పంపింది తోక లేనిది. పూర్తి అక్షరం ఉన్నదని చీటీ వచ్చింది. పైగా నాణెం గూడులో పక్కకు తిరిగి, చార్మినార్ వాలిపోయినట్టు బిగిసింది. భూతద్దం పెట్టి అర నిమిషం చూస్తే తేలే విషయానికి నాలుగు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. తప్పు ఒప్పుకున్నారు గానీ, మళ్లీ పంపే ఖర్చు నా మీదే వేశారు.

అలాగని వాళ్లు చెప్పిందంతా తప్పు కాదు. మా అమ్మ పూజ గదిలోని 1912 రూపాయి కూడా మొదటి విడతలో పంపాను. అమ్మ ఏటా వరలక్ష్మీ వ్రతానికి దాన్ని కలశం ముందు పెట్టి, పూజ అయ్యాక పసుపూ కుంకుమా పోయేలా చింతపండుతో తోమి, చీర కొంగుతో తుడిచి దాచేది. దానికి ‘కడిగిన నాణెం’ అని వచ్చింది. బాధగా అనిపించినా, భూతద్దం కింద చూస్తే వెంట్రుకల్లాంటి సన్నని గీతలు ఒకే దిశలో వరసగా కనిపించాయి. అమ్మ చెయ్యి కదిలిన దారి అది. అక్కడ వాళ్లు సరిగ్గానే చూశారు. కానీ అదే విడతలో, నేను తెలియక కొన్న, ఎవరో రసాయనంలో ముంచి తెల్లగా తీసిన ఇంకో రూపాయికి మాత్రం ఏ లోపమూ రాయకుండా మంచి అంకె వేశారు. ఒక ఇంట్లో చింతపండు దొరికిపోయింది, ఇంకో ఇంట్లో రసాయనం దొరకలేదు.

మన తెలుగు ఇళ్లలో వెండి రూపాయలు చాలావరకు ఇలా బతికినవే. తోమినవి, విభూతితో రుద్దినవి, కొక్కెం అతికించి మెళ్లో వేసుకుని తర్వాత ఊడదీసినవి. మీ నలభైలో కూడా సగానికి పైగా ఇలాంటివే ఉంటాయి. ఒక్కొక్కదాన్ని పక్కకు తిప్పి అంచు మీద అతుకు మచ్చ ఉందేమో చూడండి. వాటికి గ్రేడింగ్ ఖర్చు పెడితే చేతికొచ్చేది ఆ ‘డీటెయిల్స్’ చీటీ మాత్రమే. నాణెం మీద వచ్చే దానికంటే పంపే ఖర్చే ఎక్కువవుతుంది. మామూలు తేదీల జార్జి రూపాయలకు అందమైన అంకె వచ్చినా, రుసుమూ తపాలా తీసేస్తే మిగిలేది స్వల్పమే. మూడింతల మాట అరుదైన తేదీలకో, నిజంగా అద్దంలా ఉన్న నాణేలకో వర్తిస్తుంది.

విదేశీ సంస్థకు పంపుదామన్న సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అమెరికాలో బంధువులున్నారని సంచిలో పెట్టి పంపించేవాళ్లను చూశాను. ఆ పని మాత్రం చేయకండి.

ఇక 1939 రూపాయి. మీ ప్రశ్నలో నన్ను కుర్చీలోంచి లేపింది అదే. ఆరో జార్జి రూపాయల్లో 1939ది చాలా అరుదు, అందుకే దాని నకిలీలూ ఎక్కువ. 1938 రూపాయి మీద చివరి అంకెను చెక్కి 9గా మార్చడం పాత మోసం. రెండింటిలోనూ నూటికి 91.7 పాళ్లు వెండే, బరువూ ఒక్కటే, 11.66 గ్రాములు. కాబట్టి త్రాసు ఆ మోసాన్ని పట్టుకోదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఆ 9ని చూడండి. పక్కనున్న 3తో పోలిస్తే అది పల్చగా ఉన్నా, చుట్టూ నేల గీరినట్టు, గుంట పడినట్టు ఉన్నా అనుమానించాలి. అంచు కూడా చూడండి. నిలువు గీతలు మాత్రమే ఉండాలి. గీతల మధ్యలో నాణెం చుట్టూ గాడి ఉంటే అది 1940 నుంచి వచ్చిన రకం, వెండి సగమే ఉన్నది. దాని మీద 1939 అన్న తేదీ ఉండే అవకాశమే లేదు.

ఈ పరీక్షలు దాటితే దాన్ని గ్రేడింగ్‌కు పంపండి. అంత విలువైన నాణేన్ని, చూసి నమ్మే మూడో మనిషి మాట లేకుండా ఎవరూ మంచి ధరకు కొనరు. నకిలీని పట్టడంలో ఈ సంస్థల పనితనం, అంకె వేయడంలో ఉన్నదానికంటే ఎంతో మెరుగు. నేను పంపిన వాటిలో రెండు నకిలీలను వాళ్లే పట్టుకున్నారు, అందుకు నేను కృతజ్ఞుణ్ణే. పంపే ముందు రెండు వైపులా, అంచూ స్పష్టంగా ఫొటోలు తీయండి, బరువు రాసిపెట్టుకోండి, బీమా చేయించి పంపండి. స్లాబ్ తిరిగి వచ్చాక చీటీ మీది సంఖ్యను వాళ్ల సైటులో కొట్టి, అక్కడి ఫొటోతో మీ ఫొటో పోల్చుకోండి. నకిలీ స్లాబులు కూడా తిరుగుతున్నాయి.

అప్పటిదాకా దాన్ని తుడవకండి, నీళ్లు కూడా తగలనివ్వకండి, అంచులు మాత్రమే పట్టుకోండి. ఫ్యాన్సీ దుకాణాల్లో దొరికే మెత్తని ప్లాస్టిక్ ఆల్బమ్ పేజీల్లో పెట్టకండి. కొన్నాళ్లకు అవి ఆకుపచ్చటి జిగురు వదులుతాయి. మిగతా ముప్ఫై తొమ్మిదితో కలిసి గలగలలాడకుండా, దాన్ని ఈ రాత్రికే విడిగా ఒక కాగితం పొట్లంలోకి మార్చండి. ఆ 9 దగ్గరగా తీసిన ఫొటో ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.