ఫైబర్ తెగినా రూటర్ రెండో లైన్‌కి మారడం లేదా? ముందు మీ పింగ్ ఏ దారిలో వెళ్తోందో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఆఫీసులో ఒక ఫైబర్ లైను, ఒక 4జీ లైను, సిస్కో రూటర్‌లో రెండు డిఫాల్ట్ స్టాటిక్ రూట్లు (బయటికి వెళ్ళే దేనికైనా మనం చేత్తో రాసిపెట్టిన దారులు). ఫైబర్ తెగితే రూటర్ దానంతట అది 4జీకి మారట్లేదు, ఎవరో వెళ్ళి కేబుల్ పీకితేనే మారుతోంది. ఐపీ ఎస్ఎల్ఏ (రూటర్ తనే పదేపదే పింగ్ చేసి, అంటే అవతలి చిరునామాకి చిన్న ప్యాకెట్ పంపి, జవాబు వస్తోందా చూసే సౌకర్యం), ట్రాక్ (ఆ ఫలితాన్ని బట్టి అప్, డౌన్ చెప్పేది) పెట్టాక ఇప్పుడు ఫైబర్ పోయిన ప్రతిసారీ రూటు అర నిమిషానికోసారి అటూ ఇటూ ఊగుతోంది.

ఈ రెండూ నాకు ఎదురైనవే. రాజమండ్రిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి నెట్‌వర్క్ పని నేనే చూస్తాను. శాంపిల్ రిజల్ట్స్ అన్నీ హైదరాబాద్‌లో ఉన్న సర్వర్‌కి వెళ్ళి, అక్కడ డాక్టర్ చూసి సంతకం చేశాకే రిపోర్ట్ ప్రింట్ అవుతుంది. లైను పోతే కౌంటర్ దగ్గర పరగడుపున వచ్చిన పెద్దవాళ్ళు కూర్చుని ఉంటారు, అందుకే నాకు ఇది సరదాగా చేసే పని కాదు. అక్కడ ఉన్నది సిస్కో 1941 రూటర్, మీ దానిలాగే గిగాబిట్ 0/0 మీద ఫైబర్, 0/1 మీద 4జీ మోడెమ్.

మొదట, కేబుల్ పీకితేనే ఎందుకు మారుతోందంటే, స్టాటిక్ రూటుకి అవతల ఏం జరుగుతోందో తెలియదు. తన ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉందా, నెక్స్ట్ హాప్‌కి (ప్యాకెట్ అందించాల్సిన పక్క రూటర్‌కి) తన టేబుల్‌లో దారి ఉందా, అంతే చూస్తుంది. మీ ఫైబర్ నేరుగా రూటర్‌లోకి రావట్లేదు కదా, మధ్యలో ఓఎన్‌టీ బాక్స్ (ఫైబర్‌ని ఈథర్‌నెట్‌గా మార్చే డబ్బా) ఉంది. వీధిలో ఫైబర్ తెగినా ఆ బాక్స్‌కి కరెంటు ఉన్నంతసేపు దానికీ రూటర్‌కీ మధ్య ఉన్న ఈథర్‌నెట్ కేబుల్ పచ్చలైటుతో వెలుగుతూనే ఉంటుంది, రూటర్ దృష్టిలో అంతా బాగున్నట్టే. కాబట్టి ఐపీ ఎస్ఎల్ఏతో పింగ్ చేయించి, ఆ ఫలితాన్ని ట్రాక్‌కి, ట్రాక్‌ని రూటుకి కట్టాలన్న మీ ఆలోచన సరైనదే. తేడా ఉన్నది ఆ పింగ్ వెళ్ళే దారిలో.

ఎవరిని పింగ్ చేయాలన్నది మొదటి ప్రశ్న. నేను మొదట సర్వీస్ ప్రొవైడర్ గేట్‌వేనే (మన లైనుకి వాళ్ళ వైపు మొదట తగిలే రూటర్‌ని) పెట్టాను, దగ్గరగా ఉంటుంది, ఎప్పుడూ జవాబిస్తుంది అని. ఒక రోజు ఊళ్ళో వాళ్ళ కేంద్రం బాగానే ఉంది, అక్కడి నుంచి బయటికి వెళ్ళే మెయిన్ ఫైబర్ ఎక్కడో తెగింది. గేట్‌వే మా పింగ్‌కి చక్కగా జవాబిస్తూనే ఉంది, ట్రాక్ అప్ చూపిస్తూనే ఉంది, ఇంటర్నెట్ మాత్రం లేదు. పొద్దున్నంతా రిపోర్టులు ఆగిపోయాయి. గేట్‌వేని పింగ్ చేస్తే మీ ఆఫీసుకీ వాళ్ళ కేంద్రానికీ మధ్య ముక్క మాత్రమే తెలుస్తుంది. దాని అవతల ఉన్న చిరునామా ఒకటైనా ఉండాలి.

ఇక ఊగడం సంగతి. అవతలి చిరునామాకి పింగ్ పెట్టారు. ఫైబర్ పోయింది, పింగ్ ఫెయిల్ అయింది, ట్రాక్ డౌన్ అయి ఫైబర్ రూటు తీసేసింది, 4జీ రూటు ఎక్కింది. పది సెకన్ల తర్వాత వచ్చే పింగ్ ఏ దారిలో వెళ్తుంది? రౌటింగ్ టేబుల్‌లో ఉన్న ఒకే ఒక్క డిఫాల్ట్ మీద, అంటే 4జీ మీద. జవాబు వస్తుంది, ఫైబర్ బాగుపడిందని ట్రాక్ అనుకుంటుంది, పాత రూటు తిరిగి పెడుతుంది, మళ్ళీ ఫెయిల్. ఫైబర్ బాగయ్యే దాకా ఇదే తిరుగుడు.

"సోర్స్ ఇంటర్‌ఫేస్ ఇచ్చాను కదా" అని చాలామంది అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట ప్యాకెట్ మీద రాసే పంపినవారి చిరునామాని మాత్రమే మారుస్తుంది, ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళ్ళాలో చెప్పదు. పైగా సోర్స్ ఇచ్చినప్పుడు కొన్ని చోట్ల దీనికి సరిగ్గా తిరగబడ్డ లక్షణం కనిపిస్తుంది: ఫైబర్ చిరునామా రాసుకున్న ప్యాకెట్ 4జీ మోడెమ్‌కి వెళ్తే అది పారేస్తుంది, ట్రాక్ డౌన్‌లోనే ఉండిపోతుంది, ఊగడం లేదు కదా అని మనం సంతోషిస్తాం. కానీ ఫైబర్ బాగయ్యాక కూడా పింగ్ ఇంకా 4జీ మీదే వెళ్తుంటుంది, కాబట్టి రూటర్ ఎప్పటికీ ఫైబర్‌కి తిరిగి రాదు, నెలాఖరుకి డేటా అయిపోయాక గానీ విషయం తెలియదు. రెండింటికీ కారణం ఒకటే. ఏ లైను బతికుందో తేల్చడానికి పెట్టిన పింగ్ ఎప్పుడూ ఆ లైను మీదే వెళ్ళాలి, ఇంకో దారి దానికి దొరకకూడదు.

దానికి మామూలుగా చేసేది ఆ ఒక్క చిరునామాకి ఫైబర్ గేట్‌వే మీదుగా హోస్ట్ రూటు పెట్టడం. ఇంటర్‌ఫేస్ పేరు, నెక్స్ట్ హాప్ రెండూ ఇవ్వండి. ఇంకొకటి చాలామంది వదిలేస్తారు: ఫైబర్ ఇంటర్‌ఫేస్ నిజంగానే డౌన్ అయితే ఆ హోస్ట్ రూటు కూడా టేబుల్‌లోంచి పోతుంది, పింగ్ మళ్ళీ 4జీ మీదికి జారుతుంది. అందుకని అదే చిరునామాకి నల్ 0 (ప్యాకెట్‌ని పారేసే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) వైపు, దూరం 250తో (ఈ అంకె ఎంత పెద్దదైతే ఆ రూటుకి ప్రాధాన్యం అంత తక్కువ) ఇంకో రూటు పెట్టండి. అసలు దారి లేనప్పుడు ప్యాకెట్ అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు నేను రెండు గంటలు కొట్టుకున్న చోటు. పింగ్ కోసం నేను 8.8.8.8 తీసుకుని ఫైబర్‌కి కట్టేశాను. ఫైబర్ పోయింది, ట్రాక్ డౌన్, రూటు మారింది, రూటర్ నుంచి ఏ చిరునామాకి పింగ్ చేసినా వెళ్తోంది. కౌంటర్ నుంచి మాత్రం "సార్, ఏ సైటూ ఓపెన్ అవ్వట్లేదు" అని ఫోన్లు. ఫెయిలోవర్ పనిచేసిందని నేను, నెట్ లేదని వాళ్ళు. చూస్తే, మా డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి నెట్‌వర్క్ సెట్టింగులు పంచేది) ప్రతి కంప్యూటర్‌కీ డీఎన్ఎస్ సర్వర్‌గా (సైటు పేరు అడిగితే దాని చిరునామా చెప్పేదిగా) ఇస్తున్నది కూడా 8.8.8.8. దాన్ని నేనే తెగిపోయిన లైనుకి కట్టేశాను కదా, పేరు అడిగే ప్రతి ప్యాకెట్టూ ఆ హోస్ట్ రూటు పట్టుకుని చచ్చిన ఫైబర్‌లోకే వెళ్తోంది. ఆ రోజు నుంచి నా పద్ధతి: పింగ్ కోసం కట్టే చిరునామా ఆఫీసులో ఇంకెవరికీ ఏ పనికీ అవసరం లేనిదై ఉండాలి. డీఎన్ఎస్ కాకూడదు, మీ సర్వర్ కాకూడదు, వీపీఎన్ అవతలి కొస అసలే కాకూడదు. మేం ఇప్పుడు 9.9.9.9, 208.67.222.222 వాడుతున్నాం. రెండూ పబ్లిక్ డీఎన్ఎస్‌లే గానీ మా కంప్యూటర్లలో ఎక్కడా పెట్టలేదు.

హోస్ట్ రూటు ఇష్టం లేకపోతే లోకల్ పాలసీ రౌటింగ్ ఉంది. రూటర్ సొంతంగా పుట్టించే ప్యాకెట్లలో, ఫలానా చిరునామాకి వెళ్ళే ఐసీఎంపీ ఎకోని, అంటే పింగ్ ప్యాకెట్‌ని, మాత్రమే ఒక యాక్సెస్ లిస్ట్‌తో పట్టుకుని ఫైబర్ గేట్‌వేకి పంపమని రూట్‌మ్యాప్ రాయొచ్చు. అప్పుడు కంప్యూటర్ల ట్రాఫిక్ మామూలు డిఫాల్ట్ మీదే పోతుంది, నా డీఎన్ఎస్ గొడవ రాదు. పద్ధతిగా చూస్తే ఇదే శుభ్రమైనది. కానీ రాత్రి రెండింటికి ఇంకొకరు వచ్చి రూటర్ చూస్తే, షో ఐపీ రూట్‌లో కంటికి కనపడే హోస్ట్ రూటే వాళ్ళకి తొందరగా అర్థమవుతుంది, అందుకే నేను దాన్నే ఉంచుకున్నాను.

నా దగ్గర ఉన్నది దాదాపుగా ఇదీ. చిరునామాలు మార్చాను, ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా, కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లీషు కమాండ్లే కొట్టండి:

ఐపీ ఎస్ఎల్ఏ 1
ఐసీఎంపీ-ఎకో 9.9.9.9 సోర్స్-ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 0/0
థ్రెషోల్డ్ 1500
టైమవుట్ 2000
ఫ్రీక్వెన్సీ 10
ఐపీ ఎస్ఎల్ఏ షెడ్యూల్ 1 లైఫ్ ఫరెవర్ స్టార్ట్-టైమ్ నౌ
ట్రాక్ 1 ఐపీ ఎస్ఎల్ఏ 1 రీచబిలిటీ
ట్రాక్ 10 లిస్ట్ బూలియన్ ఆర్
ఆబ్జెక్ట్ 1
ఆబ్జెక్ట్ 2
డిలే డౌన్ 25 అప్ 120
ఐపీ రూట్ 9.9.9.9 255.255.255.255 గిగాబిట్ 0/0 203.0.113.1
ఐపీ రూట్ 9.9.9.9 255.255.255.255 నల్ 0 250
ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 203.0.113.1 ట్రాక్ 10
ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 192.168.8.1 10

208.67.222.222 కోసం ఎస్ఎల్ఏ 2, ట్రాక్ 2, దాని రెండు రూట్లు కూడా ఇలాగే. థ్రెషోల్డ్ (జవాబు దీన్ని దాటితే ఆలస్యం అని లెక్క) ముందు, టైమవుట్ (జవాబు కోసం ఆగే సమయం) తర్వాత కొట్టండి. థ్రెషోల్డ్ మామూలుగా 5000 మిల్లీసెకన్లు ఉంటుంది, దానికంటే తక్కువ టైమవుట్ ఇస్తే రూటర్ ఒప్పుకోదు. ఫ్రీక్వెన్సీ ఇవ్వకపోతే నిమిషానికోసారే పింగ్ వెళ్తుంది. షెడ్యూల్ లైను మర్చిపోతే అసలు మొదలే కాదు, ఇది కూడా చాలామందికి జరుగుతుంది. పాత ఐఓఎస్ (సిస్కో రూటర్ సాఫ్ట్‌వేర్) అయితే ఇదే పని ఐపీ ఎస్ఎల్ఏ మానిటర్ అనో, ఇంకా పాతదైతే ఆర్‌టీఆర్ అనో కనిపిస్తుంది.

"ఆర్" అంటే రెండు పింగులూ పోతేనే డౌన్. ఒక్క చిరునామా మీదే ఆధారపడితే, అవతలివాళ్ళు పింగ్‌లకి జవాబివ్వడం తగ్గించిన రోజు బాగున్న ఫైబర్‌ని వదిలేసి 4జీ మీద పడతాం. ట్రాక్ దగ్గర "స్టేట్" కాకుండా "రీచబిలిటీ" వాడండి. స్టేట్ అయితే జవాబు థ్రెషోల్డ్ దాటి ఆలస్యంగా వచ్చినా డౌన్ అనేస్తుంది.

డిలే విషయంలో తొందర పడకండి. ప్రతిసారీ వెళ్ళేది ఒకే ప్యాకెట్, డిలే లేకపోతే ఆ ఒక్క ప్యాకెట్ పోయినా లైను పోయినట్టే లెక్క. పది సెకన్లకోసారి పింగ్, 25 సెకన్ల డిలే అంటే వరుసగా మూడు పింగులు పోవాలి, మధ్యలో ఒక్కటి వచ్చినా లెక్క మొదటికొస్తుంది. లైను తెగిన 30 నుంచి 40 సెకన్లలో మారుతుంది, మా పనికి అది చాలు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రెండు నిమిషాలు ఆగమన్నాను. ఫైబర్ అతుకు వేసేవాళ్ళు పని చేస్తున్నంతసేపు లైను వచ్చి పోతూ ఉంటుంది, ప్రతిసారీ మనం వెనక్కి దూకితే రిపోర్ట్ పంపే సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ తెగుతుంది.

నాట్ (లోపలి చిరునామాలని బయటి చిరునామాగా మార్చే పని) సంగతి మీరు ప్రశ్నలో రాయలేదు, అది చూడకుండా మాత్రం వదలొద్దు. రెండు లైన్లకీ చెరొక నాట్ ఓవర్‌లోడ్ కమాండ్ (అందరూ ఒకే బయటి చిరునామా వాడుకునేలా చేసేది) ఉండాలి, ఒక్కోదానికి ఒక రూట్‌మ్యాప్, అందులో మ్యాచ్ ఇంటర్‌ఫేస్. అలా ఉన్నా రూటు మారిన క్షణానికి ముందే మొదలైన సెషన్లు పాత చిరునామా అనువాదాన్నే పట్టుకుని ఉంటాయి, టీసీపీకి అది మామూలుగా 24 గంటల దాకా ఉంటుంది. మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్ పొద్దున్న తెరిచిన ఒకే కనెక్షన్‌ని సాయంత్రం దాకా వాడుతుంది, బ్రౌజర్లన్నీ బాగా పనిచేస్తుంటే అది ఒక్కటే బిగుసుకుపోయేది. ఈఈఎమ్ యాప్లెట్ (ఏదైనా జరిగినప్పుడు రూటర్ తనే నడిపే చిన్న స్క్రిప్ట్) ఒకటి రాశాను: ఈవెంట్ ట్రాక్ 10 స్టేట్ ఎనీ, రెండు సెకన్లు ఆగు, క్లియర్ ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్ స్టార్. అందరి సెషన్లూ ఒకసారి తెగుతాయి, అయినా ఎలాగూ లైను మారింది కదా, వెంటనే మళ్ళీ కలుస్తాయి.

4జీ లైను మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి. ఒకసారి ఫైబర్ పోయి రూటు చక్కగా మారింది, సిమ్ రీఛార్జ్ గడువు మాత్రం అయిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు 4జీ మీదుగా వేరే చిరునామాకి నిమిషానికో పింగ్ ఉంది, అది పోతే నాకు మెయిల్ వస్తుంది.

పరీక్ష చేసేటప్పుడు రూటర్ దగ్గర కేబుల్ పీకొద్దు, అలా చేస్తే ఎస్ఎల్ఏ లేకపోయినా రూటు మారుతుంది, మీకేం తెలియదు. ఓఎన్‌టీ బాక్స్ వెనక ఫైబర్ కొస తీయండి, రూటర్ వైపు లైటు వెలుగుతూనే ఉండాలి. కొస మీద వేలు పెట్టకండి, లోపలికి చూడకండి. ఐదు నిమిషాలు అలాగే ఉంచి, ట్రాక్ డౌన్‌లోనే నిలబడుతోందా చూడండి, ఊగుడు జబ్బు మొదటి నిమిషంలో బయటపడకపోవచ్చు. తర్వాత కొస పెట్టి తిరిగి వస్తోందో లేదో కూడా చూడండి.

మైక్రోటిక్ రూటర్లు వాడేవాళ్ళు ఇది చదువుతుంటే, అక్కడి చెక్-గేట్‌వే పింగ్ గేట్‌వేనే చూస్తుంది, పైన చెప్పిన నా మొదటి కథే అది. అవతలి చిరునామాని చూడాలంటే రికర్సివ్ రూట్లు (గేట్‌వేగా ఆ అవతలి చిరునామానే రాసి, దానికి దారి ఇంకో రూటుతో చెప్పేవి) రాసుకోవాలి.

మీరు ఇవన్నీ చేశాక కూడా ఊగితే షో ట్రాక్, షో ఐపీ ఎస్ఎల్ఏ స్టాటిస్టిక్స్, షో ఐపీ రూట్ స్టాటిక్ మూడూ ఫైబర్ తీసి ఉన్నప్పుడు తీసి ఇక్కడ పెట్టండి. మీ పబ్లిక్ చిరునామాలు చెరిపేసి పెట్టండి, సాయంత్రం ఏడు తర్వాత చూస్తాను.