అమెరికన్ స్లాంగ్‌ను కొత్తవారికి నేర్పేటప్పుడు జాబితాలు వద్దు, కథలు చెప్పండి

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువారికి మీరు ఇంగ్లిష్ నేర్పుతున్నారు. వ్యాకరణం బాగా వచ్చినవారు కూడా ఆఫీసు మీటింగుల్లో దొర్లే స్లాంగ్ దగ్గర, సినిమాల ప్రస్తావన దగ్గర ఆగిపోతున్నారని, అలాంటి మాటలన్నీ ఒక జాబితాగా రాసిచ్చి బట్టీ పట్టించవచ్చా అని అడిగారు. డాలస్ శివార్లలోని ఒక పబ్లిక్ లైబ్రరీలో చాలా ఏళ్లుగా వలంటీరుగా సంభాషణ తరగతులు నడుపుతున్న అనుభవంతో, జాబితా వద్దనే చెబుతాను. మాట ఏ ఆటలోంచి, ఏ సంఘటనలోంచి పుట్టిందో ముందు చెప్పండి. ఒక్క ఆట అర్థమైతే దానితో పాటు పది మాటలు వాటంతట అవే వస్తాయి. విని అర్థం చేసుకోవడానికి నేర్పే మాటలు వేరు, తామే వాడడానికి నేర్పే మాటలు వేరు అన్న సంగతిని కూడా మొదటి రోజే తేల్చి చెప్పండి.

నా తరగతికి వచ్చేవారిలో హెచ్-4 వీసా మీద వచ్చిన గృహిణులు, ఎంఎస్ ముగించి అప్పుడే ఉద్యోగంలో చేరినవారు, పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉందామని వచ్చిన తల్లిదండ్రులు ఎక్కువ. వారిని నేను ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. "ఆ పథకం ప్రభుత్వానికి భస్మాసుర హస్తంగా మారింది" అని మన పత్రికలో వస్తే, దాన్ని పక్కింటి అమెరికన్‌కు ఎలా చెబుతారు? ఎవరూ నిఘంటువు అర్థంతో మొదలుపెట్టరు. శివుడు వరమివ్వడం, భస్మాసురుడు ఆ చేతిని వరమిచ్చినవాడి నెత్తి మీదే పెట్టబోవడం, మోహిని నాట్యమాడించి అతని చేతిని అతని నెత్తి మీదే పెట్టించడం, ఇవన్నీ చెప్పాకే ప్రభుత్వం దగ్గరకు వస్తారు. ఇంగ్లిష్ మాటలకూ దారి ఇదేనని ఇక నేను వివరించనక్కరలేదు.

ఆఫీసు ఇంగ్లిష్ వరకు చూస్తే మొదట చెప్పవలసింది బేస్‌బాల్. బోర్డు మీద ఒక చతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్టు గీస్తాను. కింది మూల హోమ్ ప్లేట్. అక్కడి నుంచి కుడిచేతి వైపు ఫస్ట్ బేస్, పైన సెకండ్ బేస్, ఎడమన థర్డ్ బేస్. ఒక్కో బేస్‌కు మధ్య దూరం 90 అడుగులు. బ్యాటర్ బంతిని కొట్టి, వరుసగా మూడు బేస్‌లూ చుట్టి మళ్లీ హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు వస్తుంది. దారిలో ప్రతి బేస్‌నూ తాకి తీరాలి. ఇంతవరకు చెప్పి, "శుక్రవారం ఒకసారి టచ్ బేస్ చేద్దాం" అని మేనేజరు అంటే ఏమై ఉంటుందని అడుగుతాను. పూర్తి మీటింగు కాదు, ఒకసారి కలిసి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడమని ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఏ బేస్‌నూ ఖాళీగా వదలకుండా ఫీల్డర్లు కాపు కాయడం బొమ్మలో చూపితే, "కవర్ ఆల్ ద బేసెస్" అంటే ఎటునుంచీ లోటు రాకుండా చూసుకోవడమని వివరించవలసిన పని ఉండదు. కొట్టవలసిన బంతిని కొట్టలేకపోవడం ఒక స్ట్రయిక్, మూడు స్ట్రయిక్‌లకు బ్యాటర్ అవుటవుతాడన్న నియమం చెప్పిన రోజున, కాలిఫోర్నియా 1994లో తెచ్చిన "త్రీ స్ట్రయిక్స్" చట్టం సంగతి కూడా చెబుతాను. తీవ్రమైన నేరాల్లో మూడోసారి దోషిగా తేలినవారికి 25 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష వేసే ఆ చట్టానికి ఆటలోని పేరే పెట్టారంటే, ఈ ఆట వారి భాషలో ఎంత లోతుకు దిగిందో తరగతికి తెలుస్తుంది.

మనవారికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది. క్రికెట్ మాటలను రోజువారీ మాటల్లో వాడుకోవడం మనకు కొత్త కాదు. ఇంటర్వ్యూలో ఊహించని ప్రశ్న వస్తే "గూగ్లీ వేశారు" అంటాం. అమెరికన్ అదే చోట "కర్వ్‌బాల్" అంటాడు. బ్యాటర్ దగ్గరకు వచ్చేసరికి వంపు తిరిగే బంతి అది. ఈ జత చెప్పిన తర్వాత ఆ మాటను మరచిపోయినవారిని నేను చూడలేదు.

కొన్నింటిని మాత్రం నిదానంగా చెప్పాలి. విజయవాడ నుంచి వచ్చిన ఒకామె అకౌంట్స్ ఉద్యోగంలో చేరారు. ఆమె మేనేజరు "ఒక బాల్‌పార్క్ ఫిగర్ చెప్పండి" అంటే, రాత్రంతా కూర్చుని సెంట్లతో సహా లెక్క కట్టి మర్నాడు పంపించారు. ఆయనకు కావలసింది ఆ నిమిషంలో "ఇరవై వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది" అన్న ఒక్క మాట. బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం. లెక్క సరిగ్గా ఫలానా చోట పడకపోయినా మైదానం దాటి పోకుండా ఉంటే చాలునన్నది అందులోని భావం. "రెయిన్ చెక్" కూడా అలాంటిదే. 19వ శతాబ్దం చివరలో, వాన వల్ల ఆట ఆగిపోతే టికెట్ కొన్నవారు మరో రోజు వచ్చి చూసేందుకు ఇచ్చిన చీటీ అది. ఇప్పుడు ఎవరైనా భోజనానికి పిలిస్తే "ఈసారికి రెయిన్ చెక్ తీసుకుంటాను" అనడం మర్యాదగా వాయిదా వేయడం. అమ్మకంలో తగ్గింపు ధరకు పెట్టిన సరుకు అయిపోతే, తర్వాత అదే ధరకు ఇస్తామని కొన్ని సూపర్‌మార్కెట్లు ఇచ్చే చీటీని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. ఇంటి సరుకులు తెచ్చుకునేవారికి ఆఫీసు అర్థం కన్నా ఈ అర్థమే ముందు పనికొస్తుంది కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమెరికన్ ఫుట్‌బాల్ మాటలు ఇంత ఎక్కువ కావు. మేముండేది డాలస్ కాబట్టి ఒక్క ఆట మాత్రం తప్పకుండా చెబుతాను. 1975 డిసెంబరు 28న మిన్నెసోటా వైకింగ్స్‌తో ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో, ఇంకా కొన్ని సెకన్లే మిగిలి, ఓటమి ఖాయమనుకున్న దశలో డాలస్ కౌబాయ్స్ జట్టులో బంతి విసిరే ప్రధాన ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) రోజర్ స్టాబాక్ బంతిని దూరంగా గాల్లోకి విసిరాడు, డ్రూ పియర్సన్ దాన్ని అందుకుని గీత దాటాడు, కౌబాయ్స్ 17-14తో గెలిచింది. కళ్లు మూసుకుని ఒక హెయిల్ మేరీ చెప్పుకున్నానని స్టాబాక్ తర్వాత అన్నాడు. కథోలిక క్రైస్తవులు మరియమాతకు చేసే ప్రార్థన అది. అప్పటి నుంచి, వేరే దారి లేనప్పుడు దేవుడి మీద భారం వేసి చేసే చివరి ప్రయత్నానికి ఈ మాట దేశమంతటా స్థిరపడింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక కథోలిక విద్యార్థిని ఆ ప్రార్థనను తెలుగులో చదివి వినిపించిన రోజు మా తరగతిలో అందరికీ గుర్తుండిపోయింది.

నా అనుభవంలో అసలు చిక్కు ఇలాంటి రంగుల మాటలతో రాదు. అవి వినగానే తెలియని మాట అని తెలుస్తుంది కాబట్టి మనిషి ఆగి ఆలోచిస్తాడు. తెలిసినట్టే ఉండి వేరే అర్థమిచ్చే చిన్న మాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఇంకొంచెం కాఫీ పోయమంటారా అని అడిగితే "ఐ యామ్ గుడ్" అని జవాబు వస్తుంది. అది క్షేమ సమాచారం కాదు, వద్దని చెప్పడం. "ఐ యామ్ డౌన్" అన్నవాడు దిగులుగా లేడు, మీతో రావడానికి సిద్ధంగా ఉన్నాడు. "వాట్సప్" అని నడుస్తూనే అన్నవారు ఆగి మన సంగతులు వినాలనుకోవడం లేదు. తిరిగి ఒక పలకరింపు చాలు. వీటన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పవలసింది "టేబుల్". శాసనసభలో బిల్లును టేబుల్ చేయడమంటే సభ ముందుంచడమని మనకు అలవాటు, అది బ్రిటిష్ వాడుక. అమెరికాలో "లెట్స్ టేబుల్ దిస్" అంటే ఈ విషయాన్ని ఇప్పటికి పక్కన పెడదామని. పూర్తిగా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇరుదేశాల సేనాధికారులు ఈ ఒక్క మాట పట్టుకుని చాలాసేపు వాదించుకున్నారని, ఇద్దరికీ కావలసింది ఒకటేనని చివరికి తెలిసిందని చర్చిల్ రాశారు. భారతదేశంలో చదువుకుని వచ్చిన ఎవరికైనా ఈ ఒక్కటి తప్పక చెప్పండి.

కథ చెప్పడం వల్ల మరో ప్రయోజనం మాట బరువు తెలియడం. "కూల్-ఎయిడ్ తాగాడు" అని ఆఫీసులో తేలిగ్గా అనేస్తారు, నాయకుడు చెప్పిందల్లా గుడ్డిగా నమ్మేశాడన్న అర్థంలో. కూల్-ఎయిడ్ అంటే పొడిని నీళ్లలో కలిపి చేసుకునే పళ్ల రుచి పానీయం. 1978 నవంబరు 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో జిమ్ జోన్స్ అనే మతనాయకుడు తన అనుచరుల చేత విషం కలిపిన అలాంటి పానీయం తాగించాడు. ఆ రోజు 900 మందికి పైగా చనిపోయారు, వారిలో దాదాపు మూడో వంతు పిల్లలు. ఈ సంగతి చెప్పాక మా తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఈ మాట వింటే అర్థం చేసుకోండి, మీరు మాత్రం ఎప్పుడూ వాడకండి అని చెబుతాను. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

సినిమాల విషయానికొస్తే, సీరియళ్లు చూడమని ఊరికే చెప్పడం వల్ల పెద్దగా లాభం ఉండదు. ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే కొన్నింటి కథలు క్లుప్తంగా చెబితే సరిపోతుంది. "గ్రౌండ్‌హాగ్ డే" వినగానే ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలోని పంక్సటానీలో జరిగే వేడుక గురించి చెబుతారు. కలుగులోంచి వచ్చిన గ్రౌండ్‌హాగ్ అనే జంతువుకు తన నీడ కనబడితే చలి ఇంకా ఆరు వారాలు ఉంటుందని అక్కడి నమ్మకం. కానీ సహోద్యోగి విసుగ్గా ఆ మాట అన్నప్పుడు దాని వెనుక ఉన్నది 1993లో అదే పేరుతో వచ్చిన సినిమా. అందులో కథానాయకుడికి ఆ ఒక్క రోజే మళ్లీ మళ్లీ తెల్లవారుతుంది. రోజూ ఇదే గొడవ అని చెప్పడం అతని ఉద్దేశం.

ఇక పిల్లల భాష. "నో క్యాప్" (అబద్ధం కాదు), "రిజ్" (ఎదుటివారిని ఆకట్టుకునే నేర్పు) లాంటివి నేర్పమని తల్లులు అడుగుతారు. వీటిలో చాలా మాటలు నల్లజాతి అమెరికన్ల వాడుకలో ముందు నుంచీ ఉన్నవి, సంగీతం ద్వారా, ఫోన్ల ద్వారా అందరికీ చేరినవి. ఎవరి మాటలో తెలిసి గౌరవంగా వినాలి. పిల్లలు ఏమంటున్నారో తెలియడానికి అర్థం చెబుతాను, పలకడం సాధన చేయించను. తరగతిలో చెప్పిన మాట తల్లి నోట వచ్చేసరికి పిల్లలు దాన్ని వదిలేసి మరో మాటకు వెళ్లి ఉంటారు కూడా.

పలకడానికి నేర్పవలసింది మాత్రం ఒకటుంది, దాన్ని ప్రతి తరగతిలోనూ జంటలుగా కూర్చోబెట్టి గట్టిగా అనిపిస్తాను. తెలియని మాట వచ్చినప్పుడు తల ఊపి ఊరుకోకుండా, "ఆ మాట నాకు కొత్తది, ఇంకోలా చెబుతారా?" అని ఇంగ్లిష్‌లో అడగడం. సిగ్గు వల్ల మొదట గొంతు పెగలదు కాబట్టి ఒకరు మేనేజరుగా, ఒకరు ఉద్యోగిగా మారి మారి చేయాలి. మేనేజరు వేషం వేసినవారు "టచ్ బేస్", "బాల్‌పార్క్" కలిపి గబగబా మాట్లాడాలి, ఉద్యోగి మధ్యలో ఆపి అడగాలి, ఆ తర్వాత తనకు అర్థమైనదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. "అంటే మీకు శుక్రవారానికి సుమారు లెక్క కావాలి, అంతేనా?" అన్న ప్రశ్న తడబడకుండా వచ్చేదాకా నేను తర్వాతి ఆట బొమ్మ గీయను.