పెయింట్‌బాల్‌లో మైదానంలోని ఒక ప్రాంతాన్ని జట్టు తన అదుపులో ఎలా ఉంచుకుంటుంది?

ఒక ప్రాంతం మీ అదుపులో ఉందనడానికి అక్కడ మీ ఆటగాడు నిలబడి ఉండనవసరం లేదు. రంగు బంతి దెబ్బ తగిలి ఆట నుంచి తప్పుకోకుండా ప్రత్యర్థి దాన్ని దాటలేకపోతే చాలు. అందుకే సాధారణంగా జట్టుకు ఐదుగురు చొప్పున, వేగంగా ఆడే పెయింట్‌బాల్ రకమైన స్పీడ్‌బాల్‌లో ఈ పోటీ ఆట మొదలైన క్షణంలోనే ఆరంభమవుతుంది. వెనుక వరుస ఆటగాళ్లు పరుగెత్తే ప్రత్యర్థిని వెంబడిస్తూ కాల్చరు. అతడు చేరవలసిన బంకర్‌కు, అంటే చాటుగా వాడుకునే అడ్డుకు, ముందున్న ఖాళీలోకి, ఛాతీ ఎత్తులో, ఎడతెగకుండా బంతులు పంపుతారు. దీన్నే లేన్ వేయడం అంటారు. బంతి వేగాన్ని సాధారణంగా సెకనుకు 300 అడుగులు దాటనివ్వరు కనుక, మనిషినే గురిచూసి కాలిస్తే బంతి చేరేలోపు అతడు ముందుకు సాగిపోతాడు.

తరువాతి పని కోణాలది. ఎదురుగా ఉన్న ఒకరు ప్రత్యర్థిని తల ఎత్తనీయకుండా కాలుస్తుంటే, మరొకరు పక్క బంకర్‌కు మారి, అతనికి చాటు లేని వైపు నుంచి కాలుస్తారు. పక్క గీత వెంబడి పొడవుగా, తక్కువ ఎత్తులో ఉండే స్నేక్ అనే బంకర్‌కు అంత విలువ రావడానికి కారణం ఇదే: అందులో పాకుతూ ముందుకు వెళ్లినవాడికి మైదానం అవతలి అంచున దాగిన ప్రత్యర్థుల పక్కభాగం కనిపిస్తుంది.

చాలా జట్లు తేలిగ్గా తీసుకునేది, నా దృష్టిలో, మాట. లేన్ కాస్తున్నవాడు బంతులు నింపుకోవలసి వస్తే ముందే అరిచి చెప్పాలి. పక్కవాడు ఆ లేన్‌ను అందుకున్నాకే అతడు మార్కర్‌ను, అంటే బంతులు కాల్చే తుపాకీని, దించాలి.