నీళ్లూ మట్టీ లెక్కలూ కలిపి ఒకే డిగ్రీ చేయొచ్చా?

మీ అమ్మాయి బైపీసీ అయింది, పొలాలు ఉప్పుబారడం గురించి చదవాలంటోంది, ఏ ఒక్క గ్రూపులోనూ అదంతా లేదు, తనే సబ్జెక్టులు కలుపుకుని డిగ్రీ తయారుచేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చండి, కొంతవరకు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నేను అలాగే చదివాను.

న్యూయార్క్ యూనివర్సిటీలో గాలటిన్ స్కూల్ అని 1972 నుంచి ఉంది. అక్కడ ఏం చదవాలో విద్యార్థే రాసుకుంటాడు, చివర్లో అధ్యాపకుల ఎదుట కూర్చుని తను చదివినదాని గురించి మాట్లాడాలి. మనకి అంత వీలు లేదు. డిగ్రీ పేరు యూజీసీ (దేశంలో యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే సంస్థ) జాబితాలోదే అయి ఉండాలి కాబట్టి సర్టిఫికెట్ మీద మామూలు బీఎస్సీ అనే వస్తుంది. మన చేతిలో ఉండేవి మైనర్ (మేజర్ అనే ప్రధాన సబ్జెక్టు పక్కన చదివే రెండో సబ్జెక్టు), ఆన్‌లైన్ కోర్సులు, ప్రాజెక్టులు. అవి సరిగ్గా వాడుకుంటే చాలా చేయొచ్చు.

నేను 2023లో చేరాను, మన రాష్ట్రంలో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి సింగిల్ మేజర్ వచ్చిన ఏడాది. కెమిస్ట్రీ మేజర్, ఎకనామిక్స్ మైనర్ అంటే "అదేం కాంబినేషన్ అమ్మా" అన్నవాళ్లే అందరూ. మా నాన్నగారి మూడెకరాలు కాలువ శివారున ఉన్నాయి. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక ఒక దాళ్వాలో (రెండో పంటలో) వరి ఆకుల కొనలు తెల్లగా మాడిపోయాయి, నాన్నగారు గట్టు మీద కూర్చుని ఒక దుబ్బు పీకి నా చేతిలో పెట్టారు, ఏమీ మాట్లాడలేదు. చెరువుల ఉప్పునీళ్లు మురుగు కాలువలోకి వదులుతారు, పంట కాలువ నీళ్లు మా దాకా రానప్పుడు మేం ఆ మురుగు కాలువకే ఇంజన్ పెట్టి తోడుకుంటాం. ఉప్పు ఎంత చేరిందో కెమిస్ట్రీ చెబుతుంది కానీ, పక్క రైతు తన పొలాన్ని చెరువుకి ఎందుకు లీజుకిచ్చాడో చెప్పదు, దానికి కౌలు లెక్కలు, పెట్టుబడి లెక్కలు తెలియాలి. నీళ్లు శివారుకి ఎందుకు అందవో తెలియాలంటే 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల కథ చదవాలి.

మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా, దాన్ని దీనికే వాడుకున్నాను. ల్యాబ్‌లో ఈసీ మీటరు (నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం) అడిగి తెచ్చుకుని రోజూ పొద్దున్నే తొమ్మిది చోట్ల మగ్గుతో నీళ్లు ముంచి రీడింగ్ రాసేదాన్ని. పంట కాలువ దగ్గర 0.4 (డెసీసీమెన్స్/మీటరు అనే కొలతలో) చూపించిన ఆ పరికరం మురుగు కాలువ దగ్గర 5 దాటింది. మట్టిలో 3 దాటితేనే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని అప్పటికి చదివి ఉన్నాను, ఆ రోజు మీటరు కడిగి మళ్లీ ముంచి చూశాను, అంతే వచ్చింది. ఆ నోటుబుక్కు నిండాకే ఏ కోర్సు కావాలో, ఏది అక్కర్లేదో నాకు తెలిసింది. అందుకే అమ్మాయి చేత ముందు తన ప్రశ్న ఒక పేజీలో రాయించండి, సబ్జెక్టుల సంగతి తర్వాత చూడొచ్చు.

నేను చేసిన తప్పు మాత్రం తను చేయకూడదు. భూగర్భ జలాల మీద ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో కోర్సులు చెప్పేది) 8 వారాల కోర్సు చేసి, వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాసి పాసయ్యాను. ఆ 2 క్రెడిట్లు కాలేజీ కలపలేదు, ముందుగా అనుమతి తీసుకోలేదు కాబట్టి కుదరదన్నారు. చాలా ఏడ్చాను. సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో (ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) చేయనివ్వొచ్చని యూజీసీ నిబంధన ఉంది, కానీ చేయనివ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. కోర్సు మొదలవకముందే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం తీసుకోవాలి, కాపీ దగ్గర పెట్టుకోవాలి.

పీజీ ఆలోచన ఉంటే మేజర్ జాగ్రత్తగా ఎంచుకోండి, ఎమ్మెస్సీలో చేరేటప్పుడు ఎక్కువగా చూసేది దాన్నే. ఇక అడ్మిషన్‌కి ముందు కాలేజీకి ఒకసారి వెళ్లి, తను అడిగే మైనర్‌కి లెక్చరర్ నిజంగా ఉన్నారా అని కనుక్కోండి, చిన్న కాలేజీల్లో కాగితం మీద పేరుంటుంది, చెప్పేవాళ్లు ఉండరు. నా రీడింగుల నోటుబుక్కు ఫొటోలు కావాలంటే చెప్పండి, పంపిస్తాను.