పాపను చూసుకునే ఆయా జీతానికి ప్రభుత్వ సాయం ఉందా?

విజయవాడలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ, ఏడాది పాపకు ఇంట్లో ఆయాను పెట్టుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుందా అన్నది మీ ప్రశ్న. నేరుగా ఇవ్వదండీ. ఆయా జీతానికి ఇంతని చేతికిచ్చే పథకం మన దగ్గర లేదు. ఆ జీతం చూపించి పన్ను తగ్గించుకోవడమూ కుదరదు.

ముందు అడగాల్సింది మీ ఆఫీసునే. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలని 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో వచ్చింది, 2025 నవంబరు నుంచి ఆ నిబంధన సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఆఫీసులోనే గది ఉండాలని లేదు, దగ్గర్లో ఉన్నా చాలు. ఈ నిబంధన చాలా చోట్ల కాగితం మీదే ఉంటోంది, అందుకే హెచ్‌ఆర్‌ను నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. బెంజి సర్కిల్‌లో ఆఫీసు, గొల్లపూడిలో ఇల్లు అయితే క్రెష్ ఎటువైపు ఉంటే మేలో కూడా అందులోనే రాయండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. అంగన్‌వాడీ ఉచితమే కానీ మామూలు కేంద్రం సాయంత్రం దాకా ఉండదు. రోజంతా పిల్లల్ని చూసుకునే అంగన్‌వాడీ క్రెష్‌లకు కేంద్ర ప్రభుత్వం ‘పాల్నా’ అనే పథకం పెట్టింది. మీ వార్డుకు దగ్గర్లో ఉందేమో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ కార్యాలయంలో కనుక్కోండి.

పాప ప్లేస్కూల్‌కు వెళ్లాక, పాత పన్ను విధానంలో ఉంటే ట్యూషన్ ఫీజును లక్షన్నర పరిమితిలో ఆదాయపు పన్ను మినహాయింపుకు చూపించుకోవచ్చు. రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోండి, డొనేషన్ లెక్కలోకి రాదు.